ఎంజీబీ ఫ్లోర్ రేకులు ఇంట్లోనే మార్చడం ఎలా?

ఇంగ్లండులోనో అమెరికాలోనో ఉంటూ ముచ్చటపడి ఎంజీబీ అనే పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు కొనుక్కున్న మనవాళ్ళు అడిగే ప్రశ్న దాదాపు ఒకటే. "కార్పెట్ ఎత్తి చూస్తే ఫ్లోర్ తుప్పు పట్టి చిల్లులు పడింది. మాటు వేస్తే సరిపోతుందా, రేకు మొత్తం మార్చాలా? నా గ్యారేజీలో నేనే చేసుకోగలనా?"

చేసుకోగలరు. కొత్త రేకులు సులువుగానే దొరుకుతాయి. బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ సంస్థ 1988 నుంచి ఎంజీబీ బాడీషెల్ మొత్తాన్నే కొత్తగా చేసి అమ్ముతోంది. ఫ్లోర్ రేకులు ఎడమకొకటి, కుడికొకటి విడివిడిగా వస్తాయి. కాస్త సాధన చేస్తే వెల్డింగ్ కూడా వస్తుంది. చాలామంది తేలిగ్గా తీసుకునేది ఇంకొకటుంది: పాత రేకు కోసిన దగ్గర్నుంచి కొత్తది అతికేదాకా కారు ఆకారం చెదరకుండా పట్టుకోవడం.

ఎందుకంటే ఎంజీబీకి విడిగా చాసిస్ లేదు. అంతకుముందు వచ్చిన ఎంజీఏకి కింద ఇనుప ఫ్రేమ్ ఉండేది, బాడీ దానిమీద కూర్చునేది. 1962 నుంచి 1980 దాకా ఇంగ్లండులోని అబింగ్డన్‌లో తయారైన ఎంజీబీలో బాడీయే చాసిస్. తలుపుల కింద కారు పొడవునా సాగే సిల్స్, మధ్యలో గేర్‌బాక్స్ టన్నెల్, వాటిని కలిపే ఫ్లోర్, ఫ్లోర్ కింద అడ్డంగా పోయే క్రాస్‌మెంబర్: బరువంతా మోసేది ఇవే. జీటీ మోడల్‌కైతే పైకప్పు కొంత ఆదుకుంటుంది. రోడ్‌స్టర్‌కి అదీ లేదు. మూత లేని అట్టపెట్టెలా మధ్యలో కుంగడానికి సిద్ధంగా ఉంటుంది. కుంగిన స్థితిలో మీరు వెల్డ్ చేసేస్తే ఆ కారు తలుపులు ఇక సరిగ్గా పడవు.

మాటా, మొత్తం రేకా?

కార్పెట్, దాని కింద అతికించిన తారు షీట్లు పూర్తిగా తీసేసి, పాత స్క్రూడ్రైవర్ ఒకటి తీసుకుని ఫ్లోర్ అంతా గట్టిగా పొడిచి చూడండి. పైనుంచి బాగా కనిపించే రేకు కూడా కిందినుంచి పొడిస్తే దిగిపోతుంది కాబట్టి కారు కిందికి వెళ్ళి మళ్ళీ పొడవండి. చిల్లు ఒకేచోట అరచేతిలో పట్టేంత ఉండి, చుట్టూ రేకు గట్టిగా ఉంటే మాటు చాలు. తుప్పు అంచులదాకా, అంటే సిల్‌కో టన్నెల్‌కో అతికే చోటిదాకా వెళ్ళిందంటే రేకు మొత్తం మార్చడమే మంచిది. నాలుగైదు మాట్లు వేసే కష్టం, ఒక కొత్త రేకు వేసే కష్టం ఇంచుమించు ఒకటే.

ఫ్లోర్ బయటి అంచు దగ్గర, సిల్‌కి అడుగున, కాజిల్ రైల్ అనే పొడవాటి మడత రేకు ఉంటుంది. నీళ్ళు, మట్టి చేరేది అందులోనే. దాన్ని ప్రత్యేకంగా పొడిచి చూడండి. అదీ, సిల్ లోపలి పలకా మెత్తబడి ఉంటే మీ ముందున్నది ఫ్లోర్ పని కాదు, సిల్ పని. రెండూ కలిపి ఒకే వరసలో చేయాలి. మొదటిసారి వెల్డింగ్ చేసేవాళ్ళు ఒంటరిగా ఆ పనికి దిగవద్దు, అనుభవం ఉన్న మనిషిని పక్కన పెట్టుకోండి. ఈ వ్యాసం సిల్స్ గట్టిగా ఉన్న కారు కోసం.

కావలసినవి

- మిగ్ వెల్డర్ (తీగని తనంతట తానే అందించే కరెంటు వెల్డర్), 0.6 మి.మీ. తీగ. 0.8 తీగ ఈ పల్చటి రేకుకి ఎక్కువ వేడి ఇస్తుంది, కొత్తవాళ్ళ చేతిలో చిల్లులు పడతాయి.
- ఆర్గాన్, కార్బన్ డయాక్సైడ్ కలిపిన గ్యాస్. గ్యాస్ లేకుండా పనిచేసే తీగతో కూడా అతుకు పడుతుంది గానీ చిమ్ముడు ఎక్కువ, పల్చటి రేకు మీద అదుపు తక్కువ.
- 115 మి.మీ. గ్రైండర్, 1 మి.మీ. కటింగ్ డిస్కులు, 60, 80 నంబరు ఫ్లాప్ డిస్కులు, తీగ బ్రష్.
- స్పాట్ వెల్డులు (ఫ్యాక్టరీలో రేకుల్ని చుక్కలు చుక్కలుగా అతికిన చోట్లు) తీసే 8 మి.మీ. డ్రిల్ బిట్లు. ఒకటి సరిపోదు, మొద్దుబారతాయి.
- పల్చటి వెడల్పాటి ఉలి, సుత్తి, వెనక పట్టే ఇనుప దిమ్మ.
- 6 మి.మీ. హోల్ పంచ్, లేదా డ్రిల్.
- లాకింగ్ ప్లయర్లు వీలైనన్ని, రేకు స్క్రూలు ఒక డబ్బా.
- వెల్డింగ్ చేసేచోట పూసే జింక్ ప్రైమర్, ఎపాక్సీ ప్రైమర్, అతుకుల మీద రాసే సీమ్ సీలర్, బోలు భాగాల్లోకి కొట్టే క్యావిటీ వ్యాక్స్.
- నాలుగు యాక్సిల్ స్టాండ్లు, కొలత టేపు, మార్కర్.
- ఆటోమేటిక్ వెల్డింగ్ హెల్మెట్, తోలు చేతి తొడుగులు, నూలు బట్టలు, కళ్ళద్దాలు, ఫిల్టర్ ఉన్న మాస్క్, మంటలార్పే సిలిండర్, బకెట్ నిండా నీళ్ళు.

విజయవాడ ఆటోనగర్‌లో టింకరింగ్ పని చూసి పెరిగినవాళ్ళకి ఆక్సిజన్-ఎసిటిలిన్ గ్యాస్ వెల్డింగే గుర్తొస్తుంది. చేయి తిరిగినవాళ్ళు దానితో అద్భుతాలు చేస్తారు. కానీ ఆ మంట వేడి చాలా దూరం పాకుతుంది. ఇంత పెద్ద బల్లపరుపు రేకు మీద వాడితే రేకు అలలు అలలుగా లేస్తుంది. ఈ పనికి మిగ్ చాలు.

మొదలుపెట్టే ముందు: మంట సంగతి

ఈ భాగం దాటేసి కిందికి వెళ్ళకండి.

బ్యాటరీ సీట్ల వెనక మూత కింద ఉంటుంది. 1974 దాకా వచ్చిన కార్లలో అక్కడ రెండు 6 వోల్టుల బ్యాటరీలు ఉంటాయి. తీగ విప్పడం కాదు, బ్యాటరీలనే బయటపెట్టండి. ఆల్టర్నేటర్ ఉన్న కారైతే దాని ప్లగ్ కూడా పీకేయండి.

పెట్రోలు పంపు కారు వెనక భాగంలో, కుడివైపు బ్యాటరీ పెట్టె దగ్గరే ఉంటుంది. అక్కణ్ణుంచి ఇంజనుకి వెళ్ళే పెట్రోలు పైపు, వెనక బ్రేకుల పైపు, బ్యాటరీ లావు తీగ, మూడూ ఫ్లోర్ కిందినుంచే పోతాయి. ట్యాంకు ఖాళీ చేసి విప్పి గ్యారేజీ బయట పెట్టండి. పైపుల్ని క్లిప్పుల నుంచి విడదీసి పక్కకి జరపండి, లేదా పూర్తిగా తీసేయండి. "తడిగుడ్డ కప్పాను కదా" అనుకోవడం చాలదు.

బ్రేక్ క్లీనర్‌తో రేకు తుడిచి వెంటనే వెల్డ్ చేసే అలవాటు కొందరికి ఉంది. క్లోరిన్ ఉన్న క్లీనర్ అయితే వెల్డింగ్ వేడికి ఫాస్జీన్ అనే ప్రాణాంతకమైన విషవాయువు పుడుతుంది. డబ్బా మీద క్లోరిన్ లేదని స్పష్టంగా రాసి ఉంటే తప్ప దాన్ని గ్యారేజీలోకే తేవద్దు. తుడవడానికి అసిటోన్ వాడండి, అది పూర్తిగా ఆరి, డబ్బా బయటికి వెళ్ళాకే వెల్డర్ ఆన్ చేయండి. జింక్ ప్రైమర్ పొగ కూడా మంచిది కాదు. తలుపు తెరిచి, గాలి ఆడేలా చూసుకుని, మాస్క్ పెట్టుకోండి.

పని వరస

1. ఖాళీ చేయండి. సీట్లు, వాటి పట్టాలు, పట్టాల కింది చెక్క ముక్కలు, కార్పెట్, సీట్ బెల్టులు తీసేయండి. సీటు బోల్టులు తుప్పుకి బిగుసుకుపోయి ఉంటాయి. ముందురోజు రాత్రే చొచ్చుకుపోయే నూనె కొట్టి ఉంచండి. తారు షీట్లని హీట్ గన్‌తో మెత్తబరిచి గీకండి. కోసే గీత కింద, వెల్డ్ చేసే అంచుల కింద ఒక్క ముక్క కూడా మిగలకూడదు, అది అంటుకుంటుంది.

2. కారుని సమంగా నిలబెట్టండి. ఇక్కడ తొందరపడితే మిగతా పనంతా వృథా. ముందు స్టాండ్లు సస్పెన్షన్ క్రాస్‌మెంబర్ కింద, వెనక స్టాండ్లు యాక్సిల్ కింద పెట్టండి. అంటే చక్రాల మీద నిలబడినప్పుడు బరువు ఎక్కడ పడుతుందో ఇప్పుడూ అక్కడే పడాలి. మధ్యలో జాకీ పెట్టి ఎత్తి ఉంచితే ముందూ వెనకా కిందికి వాలి, మధ్య భాగం పైకి వంగుతుంది. తలుపులు విప్పవద్దు. అవే మీ కొలబద్ద.

3. కొలతలు రాసుకోండి. తలుపు వెనక అంచుకీ బాడీకీ మధ్య సందు పైన ఎంత, కింద ఎంత? రెండు వైపులా కొలిచి మాస్కింగ్ టేపు మీద రాసి తలుపుకే అంటించండి. తర్వాత తలుపు తెరిచి, ఆ ఖాళీకి మూలనుంచి మూలకి రెండు అడ్డకొలతలు తీసుకోండి. రోడ్‌స్టర్ అయితే ముందు స్తంభం నుంచి వెనక స్తంభానికి ఒక ఇనుప గొట్టాన్ని బోల్టులతో బిగించండి. సిల్స్ బాగున్న కారుకి ఇది అవసరం లేదనేవాళ్ళున్నారు. ఒక గొట్టం, నాలుగు బోల్టులతో పోయేదానికి ఎందుకు రిస్కు తీసుకోవడం? తలుపు మూసుకునేలా గొట్టాన్ని లోపలివైపుకి బిగిస్తే, మాటిమాటికీ సందు చూసుకోవచ్చు.

4. ఒకవైపే మొదలుపెట్టండి. కుడివైపు పూర్తిగా అతికి, చల్లారి, కొలతలు సరిపోయాకే ఎడమవైపు గ్రైండర్ పెట్టాలి. దీనికి మినహాయింపు లేదు.

5. మధ్య భాగం కోసేయండి. ముందు కిందికి దూరి, ఏ రేకు వెనక ఏముందో చూసి, క్రాస్‌మెంబర్, ముందునుంచి వచ్చే చాసిస్ రైల్ (బాడీకే అతికి ఉండే పెట్టెలాంటి దూలం) ఎక్కడున్నాయో పైన మార్కర్‌తో గీసుకోండి. ఫ్లోర్ ఈ రెండింటికీ స్పాట్ వెల్డులతో అతికి ఉంటుంది. అంచుల నుంచి, ఆ గీతల నుంచి 25 మి.మీ. వదిలి ఖాళీ భాగాల్ని కోసి తీసేయండి. డిస్క్ రేకు దాటి లోతుకి దిగకూడదు. క్రాస్‌మెంబర్ మీద పడిన కోత తర్వాత ఎవరికీ కనబడదు, బలం మాత్రం పోతుంది. పాత రేకు పారేయకండి. సీటు చిల్లులు, నీళ్ళు పోయే చిల్లులు ఎక్కడున్నాయో కొత్తదానితో పోల్చాలి.

6. మిగిలిన పట్టీలు ఊడదీయండి. తీగ బ్రష్‌తో రుద్దితే స్పాట్ వెల్డులు చిన్న గుండ్రటి గుంటల్లా కనిపిస్తాయి. ప్రతిదాని నడుమ సెంటర్ పంచ్‌తో చుక్క పెట్టి, 8 మి.మీ. బిట్‌తో పై రేకు మాత్రమే తెగేలా తొలవండి. వేగం తక్కువ, ఒత్తిడి ఎక్కువ. బిట్ అడుగు రేకుని తాకగానే వచ్చే తుక్కు రంగు, శబ్దం మారతాయి, అక్కడ ఆపేయండి. తర్వాత ఉలి జొనిపి మెల్లగా తడితే పట్టీ లేస్తుంది. లేవకపోతే ఇంకో వెల్డు మీ కంట పడలేదన్నమాట. బలంగా పీకితే చిరిగేది మీరు ఉంచుకోవాల్సిన రేకే.

7. అంచులు సరిచేయండి. వంగినచోట దిమ్మ పెట్టి సుత్తితో చదును చేయండి. పొరపాటున పడిన చిల్లుల వెనక రాగి ముక్క పట్టుకుని వెల్డుతో పూడ్చండి. రాగికి వెల్డు అంటుకోదు. ఫ్లాప్ డిస్క్‌తో తెల్లటి లోహం వచ్చేదాకా శుభ్రం చేసి జింక్ ప్రైమర్ కొట్టండి.

8. కొత్త రేకు పెట్టి చూడండి, తీయండి, మళ్ళీ పెట్టండి. కొత్త రేకు అచ్చం కూర్చుంటుందని ఆశపడకండి. టన్నెల్ వైపు వంపు దగ్గరో, ముందు కాళ్ళు పెట్టుకునే వాలు దగ్గరో కొంచెం అరగదీయాల్సి వస్తుంది. ఒక్కసారే ఎక్కువ కోయవద్దు. అంచులన్నీ కింది రేకుకి ఆనుకునేదాకా ఓపిక పట్టండి. అప్పుడు ప్రతి 100 మి.మీ.కి ఒక రేకు స్క్రూ వేసి బిగించండి. ఈ దశలోనే సీటు, దాని పట్టాలు పెట్టి బోల్టులు తిరుగుతున్నాయో లేదో చూడండి. సీటు నట్లు కొత్త రేకుకి అతికి వచ్చాయా, మీరే అతకాలా అన్నది కూడా ఇప్పుడే తేలాలి. చాలామంది సీటు సంగతి వెల్డింగంతా అయ్యాక చూస్తారు. అప్పుడు పట్టా ఒక పక్కకి లాగుతుంటే చేయగలిగింది పెద్దగా ఉండదు.

9. చిల్లులు వేయండి. రేకు బయటికి తీసి, కింద రేకు ఉన్న ప్రతి అంచునా 30 నుంచి 40 మి.మీ. ఎడంతో 6 మి.మీ. చిల్లులు వేయండి. మూడు రేకులు కలిసే చోట 8 మి.మీ. కావాలి. అతికే ముఖాలకి జింక్ ప్రైమర్ కొట్టి, చిల్లుల ఎదురుగా వెల్డు పడే చోట మాత్రం గీకేయండి. జింక్ ఎక్కువైతే వెల్డు బుడగలు బుడగలుగా వస్తుంది.

10. తుక్కు మీద సాధన. కోసిన పాత రేకులో మంచి భాగం, కొత్త రేకు అంచు ముక్క ఒకటి తీసుకోండి. సరిగ్గా కారులో ఉన్నట్టే ఒకదానిపై ఒకటి బిగించి నాలుగు ప్లగ్ వెల్డులు, అంటే పై రేకు చిల్లుని నింపుతూ అడుగు రేకుకి అతికే వెల్డులు, వేయండి. తీగని చిల్లు నడుమ అడుగు రేకు మీద ముట్టించి, అక్కణ్ణుంచి చుట్టూ తిప్పుతూ అంచుల్ని కలపాలి. అంచు మీద మొదలుపెడితే పై రేకు కరిగి చిల్లు నిండుతుంది, అడుగు రేకుకి మాత్రం అంటదు. చూడ్డానికి భేషుగ్గా ఉంటుంది, లాగితే ఊడొస్తుంది. ఇప్పుడు ఆ ముక్కని బెంచ్ వైస్‌లో బిగించి ఉలితో విడదీయండి. వెల్డు ఊడకుండా, దాని చుట్టూ రేకే చిరిగి రావాలి. వెల్డు బొత్తంలా శుభ్రంగా లేచొస్తే కరెంటు పెంచి మళ్ళీ వేయండి. వరసగా నాలుగూ చిరిగేదాకా కారు జోలికి వెళ్ళకండి.

11. ట్యాక్ చేసి ఆగండి. రేకుని స్క్రూలతో బిగించి, నాలుగు మూలలా, అంచుల మధ్యనా ఒక్కో ప్లగ్ వెల్డు మాత్రమే వేయండి. ఇప్పుడు తలుపు మూసి, టేపు మీద రాసుకున్న అంకెలతో పోల్చండి. పైన సందు తగ్గిందంటే కారు మధ్యలో కుంగింది. పెరిగిందంటే ముందూ వెనకా వాలాయి. ఈ దశలో తేడా వస్తే ఆ ఐదారు వెల్డులు తొలిచి, స్టాండ్లు సరిచేసుకుని మళ్ళీ మొదలుపెట్టొచ్చు. ఇది దాటాక ఆ అవకాశం పోయినట్టే.

12. అంతా వెల్డ్ చేయండి. వరసగా ఒక అంచు మొత్తం వేసుకుంటూ పోవద్దు. సిల్ వైపు ఒకటి, టన్నెల్ వైపు ఒకటి, ముందొకటి, వెనకొకటి. రేకు మీద చేయి పెట్టగలిగేంత చల్లారాక తర్వాతది. నీళ్ళు పోసి చల్లార్చకండి. ప్రతి వెల్డు ముందు సుత్తి పిడితో పై రేకుని నొక్కి పట్టుకోండి. రెండు రేకుల మధ్య సందుంటే వెల్డు పట్టదు. చివరికి స్క్రూలు తీసి ఆ చిల్లుల్ని కూడా పూడ్చండి.

13. కాపలా. చివరి వెల్డు వేశాక కనీసం ఒక గంట గ్యారేజీ వదలకండి. నిప్పురవ్వలు టన్నెల్‌లోకి, డాష్‌బోర్డు కింది వైర్లలోకి పోయి నెమ్మదిగా రాజుకుంటాయి. పడుకునేముందు మరోసారి వచ్చి వాసన చూడండి.

14. రంగు, సీలర్, వ్యాక్స్. వరస ముఖ్యం. వెల్డుల్ని ఎత్తు మేరకే అరగదీయాలి, రేకు పల్చబడకూడదు. ముందు ఎపాక్సీ ప్రైమర్, అది ఆరాక అతుకులన్నిటి మీదా లోపలా బయటా సీమ్ సీలర్, తర్వాత పెయింటు, అడుగున రాళ్ళ దెబ్బకి ఆగే పూత. ఖాళీ లోహం మీద సీలర్ రాస్తే దాని కిందే తుప్పు మొదలవుతుంది. అన్నీ ఆరాక సిల్స్‌లోకి, చాసిస్ రైల్‌లోకి, క్రాస్‌మెంబర్‌లోకి సన్న గొట్టంతో క్యావిటీ వ్యాక్స్ కొట్టండి. వ్యాక్స్ మండుతుంది కాబట్టి రెండో వైపు వెల్డింగ్ కూడా పూర్తయ్యేదాకా దాని డబ్బా తెరవద్దు.

తరచుగా జరిగే పొరపాట్లు

తుప్పు మీదే కొత్త రేకు పరిచి అతకడం అన్నిటికంటే ఎక్కువగా కనిపిస్తుంది. పాత కార్లు కొనేటప్పుడు రెండు పొరల ఫ్లోర్ దొరికేది ఇందుకే. రెండు రేకుల మధ్య తడి నిలబడి, పాతది కుళ్ళిపోతూ కొత్తదాన్నీ తినేస్తుంది.

పాప్ రివెట్లు, ఫైబర్‌గ్లాస్, జిగురు లాంటివి ఎవరు ఎంత గట్టిగా చెప్పినా ఈ చోట వద్దు. ఇది బరువు మోసే భాగం, పైగా మీ సీటు దీనికే బిగించి ఉంటుంది.

ఇంకొకటి, మాటు వేసినా కొత్త రేకు వేసినా ఒకే తరహా వెల్డు చాలనుకోవడం. బ్రిటన్‌లో కారు రోడ్డుకి తగినదో కాదో చూసే ఎంఓటీ తనిఖీలో ఈ రెండిటికీ తేడా ఉంది. బరువు మోసే భాగం మీద మాటు వేస్తే దాని చుట్టూ ఎడతెగకుండా వెల్డు ఉండాలి. రేకు మొత్తం మారిస్తే ఫ్యాక్టరీలో స్పాట్ వెల్డులున్న చోట మీరూ స్పాట్ లేదా ప్లగ్ వెల్డులు వేయొచ్చు. 40 ఏళ్ళు దాటిన, పెద్దగా మార్పులు చేయని కార్లకి 2018 నుంచి ఎంఓటీ తప్పనిసరి కాదు, కాబట్టి ఇప్పుడు దాదాపు ఎంజీబీలన్నీ ఆ మినహాయింపులోకే వస్తాయి. అయినా సరే, పని అయ్యాక డబ్బు కట్టి ఒకసారి తనిఖీ చేయించుకోండి. మన వెల్డుని మరో మనిషి కళ్ళతో చూడటం అవసరం.

సరిగ్గా వచ్చిందో లేదో ఎలా తెలుస్తుంది?

సీలర్ రాయకముందే, రాత్రిపూట గ్యారేజీ లైట్లు ఆర్పేసి కారు కింద బల్బు వెలిగించి లోపల కూర్చోండి. వెలుతురు వచ్చిన ప్రతిచోటా మార్కర్‌తో గుర్తు పెట్టండి. తర్వాత కిందికి దూరి ప్రతి ప్లగ్ వెల్డు వెనక చూడండి. అడుగు రేకుకి అవతల నీలి రంగు వేడి మచ్చ, దాని నడుమ కొద్దిపాటి ఉబ్బు కనిపించాలి. మచ్చే లేనిచోట వెల్డు లోతుకి దిగలేదు, తొలిచి మళ్ళీ వేయండి. సుత్తితో అంచు పొడవునా తట్టుకుంటూ వెళ్తే పట్టినచోట గట్టిగా, పట్టనిచోట డొల్లగా మోగుతుంది.

తలుపు ఖాళీల అడ్డకొలతలు మళ్ళీ తీసి పాతవాటితో పోల్చండి. ఒకటి రెండు మి.మీ. తేడా మీ టేపు పట్టడంలోనే రావచ్చు. అంతకు మించితే రెండో వైపు కోయకుండా ఆగి కారణం వెతకండి. కొలతలు సరిపోయాక గొట్టం విప్పి, స్టాండ్లు తీసి, కారుని చక్రాల మీద దించి, తలుపు మూసి చూడండి. పైకెత్తి నెట్టాల్సిన పని లేకుండా ముందులాగే పడాలి.

సీలర్ ఆరాక ఫ్లోర్ మీద మగ్గుతో నీళ్ళు పోసి కింద తడి చూడండి, తర్వాత పూర్తిగా తుడిచి ఆరబెట్టండి. సీట్ బెల్టు, సీటు బోల్టులు బిగించి, పెట్రోలు, బ్రేకు పైపుల్ని క్లిప్పుల్లో కూర్చోబెట్టండి. బ్రేకు పైపు విప్పి ఉంటే గాలి తీయడం మరవకండి. కార్పెట్‌ని మాత్రం కొన్నాళ్ళు వేయవద్దు. రెండు మూడు వానల్లో తిప్పి, ఖాళీ ఫ్లోర్ మీద ఎక్కడైనా చెమ్మ కనిపిస్తే అది ఎటునుంచి వస్తోందో చూడండి. ఎంజీబీలో ఆ నీళ్ళు తరచుగా అద్దం కింది రబ్బరు నుంచో, ముందు గాలి పెట్టె గొట్టం నుంచో దిగుతాయి. పాత ఫ్లోర్‌ని తిన్నది కూడా బహుశా అవే. వాటిని ఆపాకే కార్పెట్ పరచండి.